తరుగు పోను చేతికెన్ని బాట్లు: మా థాయిలాండ్ యాత్ర

మంగళవారం, హైదరాబాద్

2025 ఫిబ్రవరి మూడో వారం. ప్రయాణం బుధవారం రాత్రికి. టికెట్లు, హోటళ్లు, బట్టలు అన్నీ అయ్యాయి, ఇక డబ్బు సంగతి ఒక్కటే మిగిలింది. మా ఆయన ఆఫీసులో తలా ఒక మాట చెప్పారట. శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు మార్చుకోండి అని ఒకరు, రూపాయలే పట్టుకెళ్లండి బ్యాంకాక్‌లో తీసుకుంటారు అని ఇంకొకరు, కార్డుంటే ఏమీ అక్కర్లేదు అని మరొకరు. ఇంటి లెక్కలు నేనే చూస్తాను కాబట్టి ఈ పని నా మీదే పడింది.

మా అత్తమ్మది మిర్యాలగూడ వైపు ఊరు. ఏళ్ల తరబడి వరి పండించి అమ్మిన మనిషి. నేను ఫోన్లో రేట్లు చదువుతుంటే కాసేపు విని, "రేటు సంగతి తర్వాత బిడ్డా, తరుగు పోను చేతికెంత వస్తది?" అని అడిగింది. ధాన్యం అమ్మేటప్పుడు క్వింటాలుకు చెప్పే ధర వేరు, తేమ, తాలు, హమాలీ అన్నీ పోను చేతిలో పడేది వేరు. డబ్బు మార్చుకోవడం కూడా అంతే. "కమీషన్ లేదు" అని బోర్డు పెట్టినవాళ్లు ఆ కమీషన్ రేటులోనే కలిపేసుకుంటారు. అందుకే ఒకటే లెక్క పెట్టుకున్నాను. మన జేబులోంచి పోయిన మొత్తం రూపాయల్ని చేతికొచ్చిన బాట్లతో, అంటే థాయ్ డబ్బుతో, భాగించాలి. ఒక్క బాట్ ఎన్ని రూపాయలకు పడిందో అదే అసలు రేటు.

ఆ రోజు మార్కెట్‌లో డాలర్ 86 రూపాయల 70 పైసల దగ్గర, బ్యాంకాక్‌లో 33.60 బాట్ల దగ్గర ఉంది. అంటే ఏ తరుగూ లేకపోతే బాట్ 2.58 రూపాయలు. ఈ రేటు మనలాంటివాళ్లకు ఎవరూ ఇవ్వరు. కానీ మిగతా రేట్లు దీనికెంత దూరంగా ఉన్నాయో చూస్తే ఎవరు ఎంత తీసుకుంటున్నారో తెలుస్తుంది.

అబిడ్స్ వెళ్లాం. రిజర్వ్ బ్యాంక్ లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గర బాట్లు నేరుగా కొంటే 2.74 అన్నారు. డాలర్ 87.40. బాట్లు ఎందుకింత ఖరీదంటే ఆ నోట్లు ఇక్కడ ఎక్కువగా తిరగవు. తెప్పించి, దాచి, కొనేవాళ్లు వచ్చేదాకా కూర్చోవాలి కాబట్టి ఆ ఖర్చంతా రేటులో వేస్తారు. డాలర్లయితే రోజూ వస్తుంటాయి, పోతుంటాయి. అందుకే ఇక్కడ డాలర్లు కొని బ్యాంకాక్‌లో బాట్లుగా మార్చడం రెండుసార్లు నష్టపోవడంలా అనిపించినా, లెక్క వేస్తే అదే చవక.

600 డాలర్లు తీసుకున్నాం. పాన్ కార్డు, పాస్‌పోర్ట్, టికెట్ చూశారు, విదేశీ డబ్బు కొనేవాళ్లు ఇవ్వాల్సిన ఎ2 ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. 52,440 రూపాయలు, జీఎస్టీ 94. లక్ష లోపు మార్పిడికి మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం వేస్తారు. కాబట్టి ఈ పన్ను చిన్నదే. మొత్తం 50 వేలు దాటింది గనుక నగదు తీసుకోరు, బ్యాంకు ఖాతా నుంచి పంపాలి. పన్ను కంటే రసీదు ముఖ్యం. దాన్ని పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టుకున్నాను.

నోట్లు లెక్క పెట్టుకోవడంతో సరిపోదు, ఒక్కొక్కటీ వెలుగులో తిప్పి చూడాలి. సిరా గుర్తు, చిన్న ముద్ర, అంచు చిరుగు, ఏది ఉన్నా బ్యాంకాక్ కౌంటర్లలో వెనక్కి నెట్టేస్తారు. రెండు నోట్ల మీద ముద్రలు కనిపిస్తే మార్పించుకున్నాను. అన్నీ వంద డాలర్ల నోట్లే అడిగాను. 20, 10 నోట్లకు అక్కడ తక్కువ రేటు ఇస్తారు, 1 డాలర్ నోట్లకు ఇంకా తక్కువ. ఇక్కడ మాత్రం అన్నీ ఒకే ధరకు అమ్ముతారు.

ఇంటికొచ్చాక కార్డుల పని. 2020 నుంచి కొత్త కార్డులకు విదేశీ లావాదేవీలు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి. యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి, ఏటీఎంకు వేరే, షాపులో వాడకానికి వేరే. మా ఆయన జీతం ఖాతా డెబిట్ కార్డుకు విదేశీ వాడకం మీద 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, పైగా ఏటీఎం వాడితే విడిగా రుసుము. ఆ కార్డును అత్యవసరానికి మాత్రమే అని పక్కన పెట్టాం. ఇలా శాతంలో పడే విదేశీ చార్జీ, అంటే మార్కప్, లేని డెబిట్ కార్డు ఒకటి నా పేరున ముందే తీసుకున్నాను. డాలర్లు నింపిన ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు తీసుకోలేదు. డాలర్ల కార్డును బాట్లలో వాడితే చాలా కార్డులకు క్రాస్ కరెన్సీ చార్జీ, అంటే ఒక దేశం డబ్బును ఇంకో దేశం డబ్బుగా మార్చినందుకు చార్జీ, పడుతుంది. అమెరికా వెళ్లేవాళ్లకు అది మంచిదే, థాయిలాండ్‌కు కాదు.

అత్తమ్మ తన ధైర్యం కోసం 10 వేల రూపాయలు నగదు పెట్టుకుంది. మనిషికి 25 వేల రూపాయల దాకా బయటికి తీసుకెళ్లవచ్చు, అందుకే వద్దనలేదు.

బుధవారం రాత్రి, శంషాబాద్

సెక్యూరిటీ దాటాక మనీ ఛేంజర్ బోర్డు చూశాను. బాట్ 3 రూపాయలకు పైనే. అక్కడ ముగ్గురు నలుగురు వరుసలో నిలబడి ఉన్నారు. అందులో ఒక కుటుంబం పిల్లల్ని ఎత్తుకుని ఉంది. బ్యాంకాక్‌లో దిగాక కిందికి వెళ్తే ఇంతకంటే చాలా బాగా వస్తుందని వాళ్లకు చెప్పాను. విన్నారు, పక్కకు వచ్చేశారు. చాలా సంతోషమనిపించింది.

గురువారం, బ్యాంకాక్

సువర్ణభూమి విమానాశ్రయంలో తెల్లవారుజామున దిగాం. సామాను తీసుకుని బయటికి రాగానే బ్యాంకుల కౌంటర్లు వరసగా కనిపిస్తాయి. అలసిపోయిన మనిషి మొదటి కౌంటర్ దగ్గరే ఆగిపోతాడు. అక్కడ డాలర్‌కు 32.40. మన రూపాయలకైతే 0.33, అంటే బాట్ మూడు రూపాయలు దాటింది. ఏ బ్యాంకు బోర్డు చూసినా ఇంచుమించు అదే.

లిఫ్టులో అట్టడుగు అంతస్తుకు దిగాలి. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ స్టేషన్ ఉండేది అక్కడే. టికెట్ మెషీన్ల దగ్గర చిన్న చిన్న మార్పిడి బూత్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒక బూత్‌లో 33.30, పక్కదాంట్లో 33.35. అదే భవనంలో, కొన్ని అంతస్తుల తేడాలో, వంద డాలర్లకు 95 బాట్లు ఎక్కువ. ఒక పూట టిఫిన్ డబ్బులు. పాస్‌పోర్ట్ అసలుది అడుగుతారు, ఫొటోకాపీ పనికిరాదు. ఒక్క వంద నోటే మార్చాను. 3,335 బాట్లు. రైలుకు, భోజనానికి, ఆ రోజు గడవడానికి అది చాలు.

ఫయా థాయ్ స్టేషన్ దాకా రైలుకు మనిషికి 45 బాట్లు. పట్నంలో గదికి చేరి, నిద్రపోయి, మధ్యాహ్నం చిత్ లోమ్ స్టేషన్‌లో దిగాం. పక్కనే నాలుగు రోడ్ల కూడలిలో నాలుగు ముఖాల బ్రహ్మ గుడి, ఎరావన్. 1956లో కట్టింది. మన దగ్గర బ్రహ్మకు గుళ్లు అరుదు, అక్కడ మాత్రం ఆఫీసులకు వెళ్లేవాళ్లు కూడా ఆగి, బంతిపూల దండ వేసి, నాలుగు వైపులా దండం పెట్టి వెళ్తున్నారు. అత్తమ్మ అక్కడే అరగంట కూర్చుంది.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో రాచదమ్రి రోడ్డు. అక్కడ సూపర్‌రిచ్ అనే పేరుతో వేర్వేరు మనీ ఛేంజర్ సంస్థలున్నాయి. ఒకరిది ఆకుపచ్చ బోర్డు, ఒకరిది నారింజ రంగు. ఇద్దరి దుకాణాలూ ఆ చుట్టుపక్కలే. పోటీ అంత దగ్గరగా ఉన్నప్పుడు రేటులో మోసానికి చోటుండదు. ఒక గుమ్మంలో నచ్చకపోతే జనం రోడ్డు దాటి పక్క గుమ్మంలోకి వెళ్లిపోతారు. లోపల పెద్ద తెర, అందులో డాలర్‌కు ఒక్క రేటు కాదు, నోటును బట్టి వేర్వేరు రేట్లు. వంద నోటుకు 33.50. 300 డాలర్లు ఇచ్చి 10,050 బాట్లు తీసుకున్నాను.

గదికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. 600 డాలర్లకు పన్నుతో సహా 52,534 రూపాయలు పెట్టాం, అంటే డాలర్ 87.56. దాన్ని 33.50తో భాగిస్తే బాట్ 2 రూపాయల 61 పైసలు. అసలు మార్కెట్ రేటు 2.58. మూడు పైసల తరుగు! అబిడ్స్‌లో బాట్లే కొని ఉంటే 16 పైసలు, శంషాబాద్‌లో అయితే 40 పైసలకు పైన పోయేది. అదే తెర మీద రూపాయికి 0.37 ఉంది. అత్తమ్మ దగ్గరున్న రూపాయలు ఇస్తే బాట్ 2.70 పడేది. అంటే రూపాయలు పట్టుకెళ్లడం తప్పేమీ కాదు, నగరంలోని మంచి కౌంటర్ దాకా ఓపిక పట్టగలిగితే. విమానాశ్రయంలో మాత్రం వాటిని బయటికి తీయకూడదు.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. థాయ్ నోట్ల మీద రాజుగారి బొమ్మ ఉంటుంది. గాలికి నోటు ఎగిరితే కాలితో తొక్కి ఆపకూడదు, నలిపి విసరకూడదు. అక్కడ అది పెద్ద అపచారం. మా వాడికి ఇంటర్ పరీక్షల పాఠంలా ఈ మాట చెప్పి మరీ బయలుదేరదీశాను.

శుక్రవారం, రాజభవనం, వాట్ ఫో

గ్రాండ్ ప్యాలెస్ టికెట్ విదేశీయులకు 500 బాట్లు. నలుగురికి 2 వేలు, అంటే 5,200 రూపాయలకు పైన. ఖరీదే. కానీ లోపల వరండా గోడల నిండా రామకియెన్, వాళ్ల రామాయణం, 178 చిత్రాలుగా వేసి ఉంది. అత్తమ్మ హనుమంతుణ్ణి గుర్తు పట్టింది, లంక తగలబడడం గుర్తు పట్టింది, తరువాత మాకు ఒక్కొక్క గోడా తనే వివరించింది. రావణుణ్ణి వాళ్లు తోసకన్ అంటారు, దశకంఠుడే. ఆ టికెట్‌కు పెట్టిన ప్రతి బాట్ సార్థకమైంది.

వాట్ ఫో గుడిలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. టికెట్ 300. విగ్రహం వెనక గోడ వెంట 108 కంచు గిన్నెలు వరుసగా ఉంటాయి. 20 బాట్ల నోటు ఇస్తే ఒక చిన్న గిన్నె నిండా చిల్లర నాణేలు ఇస్తారు. ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేసుకుంటూ వెళ్లాలి. ఆ నాణేల చప్పుడు హాలంతా వినిపిస్తుంది. అత్తమ్మ చివరి గిన్నె దాకా ఆగకుండా వేసింది.

తర్వాత పడవలో నది దాటి వాట్ అరుణ్ గుడి. పడవకు 5 బాట్లు. ఇలాంటిచోట 1000 నోటు తీస్తే ఇబ్బంది పడతారు. అందుకే పెద్ద నోట్లను సూపర్ మార్కెట్‌లోనో, టికెట్ కౌంటర్లలోనో విడిపించుకుని, 20, 50, 100 నోట్లు వేరే పర్సులో పెట్టుకున్నాను.

రాత్రి మాల్‌లో ఒక షాపులో కార్డు పెట్టగానే మెషీన్ తెర మీద రెండు బటన్లు వచ్చాయి. ఒకటి బాట్లు, ఒకటి రూపాయలు. అమ్మాయి మర్యాదగా రూపాయల వైపే వేలు చూపించింది. బాట్లు నొక్కమన్నాను. దీని సంగతి చియాంగ్ మాయ్‌లో వివరంగా చెబుతాను, అసలు విలువ అక్కడే కనిపించింది.

శనివారం, అయుత్తయ

పొద్దున్నే మూడో తరగతి రైల్లో అయుత్తయ. పేరు మన అయోధ్య నుంచి వచ్చిందే. 1351 నుంచి 1767లో బర్మా సైన్యం కాల్చేదాకా అదే రాజధాని. వాట్ మహాథాట్‌లో రావి వేళ్ల మధ్య బుద్ధుడి తల. సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం, కొబ్బరి నీళ్లు తాగాం, ఎండకు తొందరగా తిరిగొచ్చాం. ఖర్చంతా చిన్న చిన్న నోట్లలోనే అయిపోయింది. కార్డు తీసే అవసరమే రాలేదు.

సాయంత్రం చియాంగ్ మాయ్‌కు రాత్రి రైలు. బెర్తులు శుభ్రంగా ఉన్నాయి. మా వాడు బాట్ ఎప్పుడూ ఇంత బలంగానే ఉందా అని అడిగాడు. లేదు. 1997 జూలై 2 దాకా డాలర్‌కు 25 బాట్ల దగ్గర కట్టేసి ఉంచారు. ఆ రోజు వదిలేశారు. ఆరు నెలలు తిరిగేసరికి డాలర్‌కు 50 బాట్లు దాటింది. ఆసియా అంతా కుదిపేసిన ఆ సంక్షోభం మొదలైంది ఇక్కడే. డాలర్లలో అప్పు తెచ్చుకున్న వ్యాపారాలు అక్కడికక్కడ మునిగిపోయాయి. వాడు చాలాసేపు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు.

ఆదివారం, చియాంగ్ మాయ్

మేం దిగిన గెస్ట్‌హౌస్ వాళ్లు నగదు మాత్రమే తీసుకుంటారు. మర్నాడు కొండకు మాట్లాడుకున్న వ్యానుకూ నగదే. ఆదివారం సాయంత్రం థా ఫే గేట్ నుంచి రాచదమ్నొయెన్ రోడ్డు పొడవునా సంత. చేనేత బట్టలు, వెండి, కాగితపు గొడుగులు, వేడివేడి మామిడి అన్నం. ప్రతి బండి మీద మన యూపీఐ లాంటి ప్రాంప్ట్‌పే క్యూఆర్ బోర్డు ఉంది. మా వాడు ఆశగా ఫోన్ తీశాడు. మన యూపీఐ ఆ బోర్డుల మీద పని చేయలేదు. 2024 ఫిబ్రవరిలో శ్రీలంకలో, మారిషస్‌లో మొదలైంది. థాయిలాండ్‌లో కూడా వస్తే ఇలాంటి సంతలో పది బాట్లకు కూడా తరుగు లెక్క చూసుకునే పని తప్పుతుంది. అది త్వరగా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

దగ్గరలోని మార్పిడి దుకాణాలు మూసేశారు. అందుకని ఏటీఎం. బ్యాంకు గోడకు ఆనుకుని ఉన్న మెషీనే ఎంచుకున్నాం. కార్డు ఇరుక్కుంటే పొద్దున లోపల మనుషులుంటారు. మార్కప్ లేని కార్డు పెట్టి 10 వేల బాట్లు అడిగాను. మొదట తెర మీద వచ్చింది: విదేశీ కార్డుకు 220 బాట్ల రుసుము, సమ్మతమా? ఇది అక్కడి బ్యాంకు తీసుకునేది. మన కార్డు ఎంత మంచిదైనా ఇది తప్పదు. వెయ్యి తీసినా 220, పది వేలు తీసినా 220. అందుకే తీస్తే ఒకేసారి ఎక్కువ తీయాలి.

రెండో తెర అసలైనది. మొత్తం 10,220 బాట్లు, మీ కరెన్సీలో 28,820 రూపాయలు, ఈ మార్పిడికి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకునే బటన్ పెద్దగా, కళ్లకు కనిపించేచోట ఉంటుంది. వద్దనే బటన్ "మార్పిడి లేకుండా కొనసాగించు" అని ఉంటుంది. దాన్ని చూస్తే డబ్బు రాదేమో అని భయం వేస్తుంది. వస్తుంది. వద్దంటే లావాదేవీ ఆగదు, బాట్లలోనే మన బ్యాంకుకు వెళ్తుంది, కార్డు సంస్థ రేటు ప్రకారం రూపాయలవుతుంది. ఒప్పుకుంటే రేటు నిర్ణయించేది ఆ మెషీన్ వైపువాళ్లు, అందులో మిగిలేది కూడా వాళ్లకే. వద్దు అని నొక్కాను. నోట్లు వచ్చాయి. రెండు నిమిషాల్లో ఫోన్‌కు సందేశం: 26,419 రూపాయలు. ఒక్క బటన్‌కు 2,401 రూపాయల తేడా!

వరుసలో మా వెనక ఉన్న ఒక పెద్దాయన, మన తెలుగాయనే, గుంటూరు నుంచి వచ్చారట, పెద్ద బటనే నొక్కి వెళ్లబోతుంటే మా ఆయన ఆపి ఫోన్లో మా సందేశం చూపించారు. ఆయన తన సందేశంతో పోల్చుకుని, "ఈ ముక్క ఎవరూ చెప్పలేదండీ" అన్నారు. చెప్పాలి. పిల్లలు టికెట్లు బుక్ చేసి పెద్దవాళ్లను పంపిస్తుంటారు, ఈ తెర గురించి ముందే చెప్పి పంపాలి. వీలైతే ఫొటో చూపించి.

గదిలో మళ్లీ లెక్క. 26,419ని 10 వేలతో భాగిస్తే బాట్ 2.64. డాలర్లతో పోలిస్తే మూడు పైసలే ఎక్కువ. డబ్బు వెంట మోసుకు తిరిగే టెన్షన్ లేదు కాబట్టి అది నాకు పూర్తిగా సమ్మతమే. అదే కార్డుతో వెయ్యి బాట్లే తీసి ఉంటే, 220 రుసుము వల్ల బాట్ 3.15 పడేది. మా ఆయన జీతం కార్డుతో పది వేలు తీసి ఉంటే 2.75, పైన ఆ బ్యాంకు ఏటీఎం రుసుము. ఇక క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా నగదు తీసినందుకు రుసుము. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

సోమవారం, దోయ్ సుథెప్

కొండ మీద బంగారు స్తూపం, మెట్లకు ఇరువైపులా నాగులు. పొగమంచు విడిపోయాక ఊరంతా కనిపించింది. మెట్లెక్కడం అత్తమ్మకు కష్టమని చిన్న లిఫ్టు రైల్లో వెళ్లాం. వ్యాను డబ్బు, గెస్ట్‌హౌస్ డబ్బు నగదుగా ఇచ్చేశాను. పట్టణంలో ఒక కౌంటర్‌లో డాలర్‌కు 33.30 ఉంది. ఇక అవసరం లేదు గనుక మార్చలేదు.

మంగళవారం, తిరుగు ప్రయాణం

చేతిలో 1,460 బాట్లు, 200 డాలర్లు మిగిలాయి. బాట్లను వెనక్కి మార్చుకుంటే రెండోసారి నష్టం. పైగా నాణేలను కౌంటర్లలో తీసుకోరు. అందుకే చియాంగ్ మాయ్ విమానాశ్రయంలో భోజనాలకు, ఇంటికి తీసుకెళ్లే ఎండు మామిడికి ముందు నాణేలు, తర్వాత నోట్లు ఇచ్చి, తక్కువ పడ్డదానికి మాత్రం కార్డు వాడాను. చాలామంది షాపువాళ్లు సగం నగదు, సగం కార్డు అంటే ఒప్పుకుంటారు, అడగాలి అంతే.

డాలర్లు ఇంటికే తెచ్చాం. తిరిగొచ్చిన 180 రోజుల్లోపు మిగిలిన విదేశీ నోట్లను బ్యాంకుకో, లైసెన్సున్న మనీ ఛేంజర్‌కో ఇచ్చేయాలి. అయితే 2 వేల డాలర్ల దాకా మన దగ్గర ఉంచుకోవచ్చు. అబిడ్స్‌లో అడిగితే కొనుగోలు ధర 85.60 అన్నారు, మేం కొన్నదానికి డాలర్ మీద దాదాపు రెండు రూపాయలు తక్కువ. మా ఆయన చెల్లెలు వేసవిలో సింగపూర్ పిలుస్తోంది. ఆ రెండు నోట్లూ పాస్‌పోర్ట్ కవర్‌లోనే ఉంచేశాను.